జగన్నాథంగారి తర్జుమా

జగన్నాథంగారికి సూటిగా మాట్లాడటం రాదు. ఉత్తరాది సంస్థానం ఒకటి హైదరాబాదులో నడిపిన రాయబార కచేరీలో ఆయన దుబాసీ. కార్వాన్‌లోని ఆ అద్దె హవేలీలో నేను ఆయన పక్క బల్ల గుమాస్తాను. తెలుగును ఉర్దూలోకి, ఉర్దూను తెలుగులోకి మార్చీ మార్చీ, మామూలు మాటను మామూలుగా అనడం ఆయన మరిచిపోయారు.

కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య రంగనాయకమ్మ అడిగితే, "ఉప్పు విషయంలో మనం ఇంకాస్త ఉదారంగా ఉండవచ్చు" అనేవారు. టాంగావాలా ఎక్కడికని అడిగితే, "ఉప్పుగూడ వైపు వెళ్ళే ఉద్దేశం లేకపోలేదు" అనేవారు. ఆ వాక్యం పూర్తయ్యేలోగా టాంగాలో ఇంకెవరో ఎక్కి కూర్చునేవారు.

పంతొమ్మిది వందల ముప్పయ్యేడు వానాకాలంలో ఓదెలు గొడవ వచ్చింది. ఓదెలు మా రాయబారి లేఖలు నవాబుల దేవిడీ భవనాలకు చేరవేసే జవాను. ఒకరోజు చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. సరిగ్గా ఆ రోజే ఒక పెద్ద నవాబుగారి పుట్టినరోజు. అత్తరు పూసిన అభినందన లేఖ బల్ల మీదే ఉండిపోయింది. మర్నాడు పంపిస్తే, నిన్న పుట్టినవాణ్ణి ఇవాళ అభినందించడమేమిటని నవాబుగారు తిప్పి పంపారు.

"మన సంస్థానం పరువు మూసీలో కలిసింది. సెలవు మంజూరు కాకుండా పోయినవాడు కొలువులో ఉండటానికి వీల్లేదు. విచారణ పెట్టండి" అన్నారు రాయబారి అమరనాథ్‌గారు.

విచారణకు ముందు జగన్నాథంగారు ఓదెలును వరండాలోకి పిలిచారు. "అడగకుండా పోవడం అంత శోభించలేదు కదా, ఓదెలూ."

"అడిగిన గద సాబ్. పొద్దుగాల మిమ్ములనే అడిగిన. 'ఆలోచించదగ్గ విషయమే' అన్నరు. మీరు గంతకన్న ఎక్కువ ఎవ్వరికీ అనరు. సరే అన్నట్టేనని పోయిన."

జగన్నాథంగారి మొహం వాడిపోయింది. "ఇంతకీ ఏదో అత్యవసరం కలిగి ఉండవచ్చునేమో?"

"బర్రె ఈనలేక తిప్పలవడ్డది. ఇంట్ల నా పెండ్లాం కొమురమ్మ ఒక్కతె. గా బర్రె పోతే మేం అడుక్కతినుడే సాబ్. ఈడ ఇచ్చే జీతం బియ్యానికే సాలది."

విచారణలో ముద్దాయి తన మాతృభాషలోనే జవాబివ్వాలని, దుబాసీ దాన్ని ఉర్దూలో వినిపించాలని మా కచేరీ కానూను. అమరనాథ్‌గారికి తెలుగు ముక్క రాదు. ఓదెలుకు ఉర్దూ బాగానే వచ్చు. అయినా కానూను కానూనే.

"ఎందుకు రాలేదు?" అన్నారు రాయబారి.

"బర్రె ఈనింది" అన్నాడు ఓదెలు.

"ఇంట్లో ప్రసవం, హుజూర్" అన్నారు జగన్నాథంగారు.

ఓదెలు నోరు తెరిచాడు. నేను కలం కింద పడేసి, దాన్ని వెతికే నెపంతో బల్ల కిందే ఉండిపోయాను.

రాయబారి గొంతు మెత్తబడింది. "ఎవరికి?"

"ఆ కుటుంబాన్ని పోషిస్తున్న తల్లికి, హుజూర్."

"కష్టమైన కాన్పా?"

"ఎనక కాళ్ళు ముందుగాల వచ్చినయ్. తాడు కట్టి గుంజినం" అన్నాడు ఓదెలు.

"వైద్యం కాస్త మోటుగా జరిగింది, హుజూర్."

"బిడ్డ ఎలా ఉంది?"

"గప్పుడే లేసి నిలవడ్డది."

"దృఢమైన వంశం, హుజూర్" అన్నారు జగన్నాథంగారు.

అమరనాథ్‌గారు విచారణ కాగితం మడిచి పక్కన పెట్టారు. "తల్లి కోసం పోయినవాణ్ణి తీసేయలేను. హెచ్చరించి వదిలేయండి."

తరువాత జగన్నాథంగారూ నేనూ వరండాలో చాయ్‌కి కూర్చున్నాం.

"పట్టుబడితే ఏమయ్యేది?" అన్నాను.

"నా కొలువు పోయేది" అన్నారు. ఆయన నోట నేను విన్న మొదటి సూటి మాట అది. మళ్ళీ ఆయనే అన్నారు. "కాదు అంటే ఎదుటివాడి మొహం చిన్నబోతుందయ్యా. అది చూడలేక ఇలా తిప్పుతుంటాను. వీడేమో దాన్ని నమ్ముకుని పోయాడు. మరి వీణ్ణి నేను కాక ఎవరు కాయాలి?"

మర్నాడు కొమురమ్మ గిన్నెడు జున్ను పంపింది. మిరియాలు, బెల్లం వేసి వండిన జున్ను. రాయబారిగారికీ ఒక కప్పు వెళ్ళింది. ఆయన సగం తిని, ఆగి, కప్పులోకి తేరిపార చూశారు. జగన్నాథంగారి వైపు చూశారు.

"ఇది ఆ బాలింత పంపిందా?"

"ఆమె సహకారం లేకపోతే సాధ్యపడేది కాదు, హుజూర్."

రాయబారి మిగతాది కూడా తిని, చెంచా నాకి కింద పెట్టారు.

"ఆమెకు నా అభినందనలు తెలియజేయండి. వచ్చే కాన్పుకు మాత్రం ముందుగా అర్జీ పెట్టమనండి."