దుమ్ములగొండి తరఫు వకీలు

దుమ్ములగొండి ఓడిపోయే కథ ఎవరు చెప్పినా ఆబ్రమ్ తాత సహించడు. ఈ సంగతి బాగా తెలిసి కూడా ఆ రోజు మా ఊరు కొమాగాస్ వెళ్లే దారిలో నోరు జారాను.

నేనెక్కిన వ్యాను స్ప్రింగ్‌బొక్ ఊరు దాటి కొంతదూరం వచ్చాక ఆవిరి కక్కుకుని ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. నేను నడక మొదలుపెట్టాను. ఇంతలో వెనకనుంచి గాడిదబండి. బండి మీద మూటలు. ఎక్కితే గాడిదలకి బరువవుతానని పక్కనే నడుస్తూ ఆబ్రమ్ స్వార్ట్‌బూయ్ తాత.

"ఎక్కు. బడికేగా?"

"బడికే తాతా, నీ కథ వినడానికి."

ఎక్కినవాణ్ణి ఊరుకోవచ్చుగా! దారి తరగడానికి కథ అందుకున్నాను. నక్క దారిలో చచ్చినట్టు పడుకుంటుంది. చేపలబండివాడు తోలు పనికొస్తుందని దాన్ని బండిలో వేసుకుంటాడు. నక్క చేపలన్నీ కిందికి తోసి, తనూ దూకేస్తుంది. అది చూసి దుమ్ములగొండి కూడా దారిలో పడుకుంటుంది. బండివాడు ఈసారి కొరడా తీసి...

బండి ఆగింది.

"దిగు."

"తాతా!"

"దుమ్ములగొండిని కొరడాతో కొట్టించి నా బండిలో కూచుంటావా? సిగ్గులేదూ?"

"నేను కొట్టించడమేమిటి? కథలో ఉంది!"

"ఎవరు చూశారు? నక్కేగా వచ్చి చెప్పింది? అంతా ఒక్కపక్క సాక్ష్యం!"

ఎండ చుర్రుమంటోంది. బేరంలోకి దిగాను.

"పోనీ, కొరడా వద్దు. కర్ర."

"కర్రయితే ఎముక విరుగుతుంది."

"చెప్పు?"

"అవమానం."

"టోపీ తాతా! మెత్తటి టోపీ!"

తాత ఆలోచించాడు. "పాతదేనా?"

"చిరుగులు కూడా ఉన్నాయి."

బండి కదిలింది.

నా అదృష్టం బాగుండి టోపీతో పోయింది. ఒక పెళ్లిలో వరుడి మేనమామ ఇదే కథ మొదలుపెడితే, తాత లేచి తను తెచ్చుకున్న కుర్చీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కుర్చీ పోతే పోయింది, పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లాల్సింది ఈయన బండిలోనే! పెళ్లివారంతా వెంటపడి, ఊళ్లో లేని దుమ్ములగొండికి క్షమాపణ చెప్పుకుంటే గానీ పిల్ల అత్తారిల్లు చేరలేదు. ఇక వీధిలో పిల్లలైతే సరే సరి. తరాలు మారుతున్నా "ఒక్కపక్క సాక్ష్యం! ఒక్కపక్క సాక్ష్యం!" అని ఆయన వెంటే ఊరేగింపు. తాత గిర్రున తిరిగి చేతికర్ర ఎత్తేవాడు. వాళ్ల సంబరం రెట్టింపయ్యేది.

అసలు ఈ కథలు మా నామా తెగ ముసలమ్మలవి. దొరల పిల్లలు మా ఆయాల ఒళ్లో కూచుని విని, పెద్దయ్యాక ఆఫ్రికాన్స్ పుస్తకాల్లో అచ్చేశారు. వేస్తే వేశారు. ఆ భాషలో దుమ్ములగొండిని తోడేలనే పిలుస్తారు. పట్నంలో బొమ్మలేసేవాడు ఆ మాట పట్టుకుని, మా కొండల్లో ఎన్నడూ తిరగని నిజం తోడేలుని దించి, దానికో నిక్కరు తొడిగాడు. ఆ పుస్తకం తాతకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "ఇదెవరి కుక్క? జలుబు చేసిందా, బట్టలేశారు?" అన్నాడు.

బడి గుమ్మంలోనే డోర్కస్ పంతులమ్మ ఎదురొచ్చింది. ఆమె ఎడమకాలు పొట్టి. అయినా ఊళ్లో ఎక్కడికైనా ఆమెకంటే ముందు చేరినవాణ్ణి నేను చూడలేదు. మా కథలు మా నోటితోనే, మా పేర్లతోనే పిల్లల పుస్తకంగా రావాలని ఎన్నాళ్లుగానో ఆమె కోరిక. అచ్చువేసేవాళ్ల తరఫున కేప్‌టౌన్ నుంచి ఎల్సబె అనే ఆవిడ వచ్చింది. అన్ని కథలూ దొరికాయి, మబ్బు కథ తప్ప. అది లేకపోతే పుస్తకమే వేసేది లేదన్నారట. దాన్ని పాటతో, మా భాషకున్న నాలుక చప్పుళ్లతో పూర్తిగా చెప్పగలిగినవాడు తాత ఒక్కడే. చిక్కేమిటంటే, అందులో దుమ్ములగొండి మబ్బుమీంచి పడాలి. పడితేనే దాని వెనక కాళ్లు ఎందుకు పొట్టివయ్యాయో తెలుస్తుంది.

"తాతా, నీ కాళ్లు పట్టుకుంటా. ఇవాళ ఒక్కసారి దాన్ని పడనీ," అంది డోర్కస్.

"చూద్దాం, గాలి ఎటు వీస్తుందో."

కథ మొదలైంది. ముందు నక్క తెల్లమబ్బెక్కి, కొవ్వనుకుని కొరుక్కు తింటోంది. తాత పెదాలు నాకుతుంటే పిల్లలకి నోరూరింది. తిని కిందికి దూకితే, కింద నిలబడ్డ దుమ్ములగొండి పట్టుకుంది. తర్వాత దుమ్ములగొండి ఎక్కి కడుపునిండా తింది, ఇక దూకడం దాని వంతు. "దూకవే అక్కా, పట్టుకుంటా," అంది నక్క. అక్క దూకింది. సరిగ్గా అప్పుడే నక్క, "అబ్బా, ముల్లు!" అని పక్కకి తప్పుకుంది.

తాత ఆగాడు. డోర్కస్ కళ్లు మూసుకుంది. ఎల్సబె ముందుకి వంగింది.

"అయితే," అన్నాడు తాత, "కింద ఊరి ఆడవాళ్లు గొర్రెతోళ్ల దుప్పటి దులుపుతున్నారు. తలా ఒక కొసా పట్టుకున్నారు. దుమ్ములగొండి దబ్బున అందులో పడి, పైకెగిరి, మళ్లీ పడి, 'ఇంకోసారి ఎగరెయ్యండర్రా' అంది."

పిల్లలు విరగబడి నవ్వారు. "దుప్పటి మళ్లీ చెప్పు! మళ్లీ!"

"మరి వెనక కాళ్లెందుకు పొట్టివి?" అంది ఎల్సబె.

"పుట్టుకే అంత. ఎవరో తోస్తే వచ్చింది కాదు, ఎవరో నవ్వితే పోయేదీ కాదు. ఇందులో కథేముంది?"

డోర్కస్ కళ్లు తెరిచింది. కోప్పడుతుందనుకున్నాను. నా చెయ్యి గిల్లింది.

"నాకిప్పుడు వెలిగిందన్నా. చిన్నప్పుడు బడి వదిలాక పిల్లలు కుంటుకుంటూ నా వెనక వచ్చేవాళ్లు. 'దుమ్ములగొండీ, మబ్బుమీంచి పడ్డావా?' అని. ఒకరోజు ఈయన బండి ఆపి వాళ్లతో వాదన పెట్టుకున్నాడు. సాక్ష్యమన్నాడు, రుజువన్నాడు, కర్ర ఊపుతూ గంతులేశాడు. మర్నాటినుంచి వాళ్లు నన్నొదిలేసి ఆయన్ని పట్టుకున్నారు."

"అంతకుముందు?"

"అంతకుముందు ఆయన కథలోనూ దుమ్ములగొండి పడేది! పిచ్చితాత అని నేను కూడా ఆయన వెంట అరిచానన్నా. ఆ గుంపులో నన్ను చేర్చుకోవడం అదే మొదలు."

ఎల్సబె పిల్లల గోల వింటూ కూచుంది. చివరికి, "ఇలాగే వేద్దాం. మావాళ్లకి నేను చెప్పుకుంటాను," అంది.

"నిక్కరు మాత్రం వద్దు," అంది డోర్కస్.

ఇద్దరూ నవ్వుతూ తాతవైపు తిరిగారు. కుర్చీ ఖాళీ! బయట ఆయన అప్పుడే గాడిదల పక్కన నడుస్తూ ఎగువదారి పట్టాడు. వస్తానని లేదు, పోతానని లేదు. నా సంచీ ఆ బండిలోనే ఉంది. పరిగెత్తాను.

"తాతా, ఆగు! ఆ టోపీ దెబ్బ కూడా తీసేశాను!"

వెనక్కి తిరగలేదు.

"వట్టి తిట్లే తాతా!"

తిరగలేదు.

"అవి కూడా మర్యాదగా!"

తాత నడుస్తూనే చెయ్యి చాచి, బండి మీద మూటని పక్కకి జరిపాడు, మనిషి కూచునేంత.