గ్రిప్పులకు పూసిన కారం

జిన్నింగు మిల్లులో ఫిట్టరు ఏసోబు పదేళ్ళు కష్టపడి కొన్న మోటారుసైకిలు, ఒక ఆదివారం చర్చి ముందే పోయింది. "దేవుడి వాకిట్లో తాళమెందుకయ్యా" అన్న సంఘ పెద్ద జక్కరయ్య మాట నమ్మినందుకు చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. నానా తిప్పలూ పడి పాత బండి కొన్నాడు. చక్రానికి గొలుసు వేశాడు. అదీ చాలక, ఆపినప్పుడల్లా హ్యాండిలు గ్రిప్పులకు నూనెలో కలిపిన కారం పూసి, ఎక్కేముందు తడిగుడ్డతో తుడిచేవాడు. ఎవరికీ చెప్పలేదు.

మరో ఆదివారం ప్రసంగం మధ్యలో జక్కరయ్య బయటికి వెళ్ళొచ్చాడు. ముఖాన చెమట తుడుచుకున్నాడో లేదో, కళ్ళమ్మట నీళ్ళు ధార కట్టాయి.

"చూడండి, పెద్దాయన పశ్చాత్తాపం!" అన్నారు పాస్టరుగారు.

ఏసోబు లేచాడు. "ఏడవనియ్యండి అయ్యగారూ. ఏడుపయ్యాక, నా మొదటి బండి ఎవడికి అమ్మాడో అడగండి."