ఊక మీద గాలి

సైనిక్‌పురి దాటాక అప్పట్లో అన్నీ బండలు, తుప్పలు. అక్కడి కోళ్ల షెడ్డులో నేనూ నా భర్తా పనిచేసేవాళ్లం. చలికాలం కొత్త కోడిపిల్లలు దిగితే నాలుగువైపులా గోనెపరదాలు దించేసేవాళ్లం. పట్టపగలు కూడా లోపల బల్బుల వెలుగే. పిల్లలకు చలి పెడుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఆయనకు ఒకటే పద్ధతి: వాటి పక్కన ఊక మీద పడుకుని చెంప ఆనించడం. నిద్ర కూడా అక్కడే.

"నిలబడ్డోనికి పిల్ల చలి ఏం ఎర్క?" అనేవాడు.

లేచేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి. ఛాతీలో పిల్లికూతలు. చలి పట్టిందనుకునేవాళ్లం. ఎప్పుడూ అందులోనే ఉండడం వల్ల షెడ్డు వాసన మాకేమీ తెలిసేది కాదు. మోండా మార్కెట్‌కు వెళ్తుంటే బస్సులో ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరం జరిగేవారు. సీటు దొరికిందని సంతోషించేదాన్ని.

ఒక మధ్యాహ్నం షెడ్లలో గాలి ఎంత చెడిందో కొలవడానికి ఒక సారు వచ్చారు.

"రెట్ట తడికి ఊకలోంచి ఘాటు గాలి పుడుతుందమ్మా. అమ్మోనియా అంటారు," అన్నారు. ఆ మాట రాయడం నేను చాలా ఏళ్ల తర్వాత, రాత్రిబడిలో నేర్చుకున్నాను.

చేతిపంపుకు సన్నటి గాజు గొట్టం తగిలించారు. లోపల గులాబీరంగు పొడి. ఘాటు తగిలితే అది పసుపవుతుందట, ఎంత దూరం పాకితే అంత చెడు. నిలబడి పంపు లాగారు. పసుపు కొంచెం పాకి ఆగింది.

"సూసినవా, మన షెడ్డు బంగారం!" నా భర్త నవ్వాడు.

సారు కళ్లు తుడుచుకుని, కొత్త గొట్టం పెట్టి, గొంతుక్కూర్చుని ఊక దగ్గర లాగారు. ఈసారి పసుపు ఆగలేదు. చప్పుడు లేదు, వాసన లేదు, ఏదీ కదల్లేదు. రంగు మాత్రం గొట్టం చివరిదాకా పాకింది. చుట్టూ పిల్లలు కళ్లు మూసుకుని, రెక్కలతో ముఖాలు రుద్దుకుంటున్నాయి. వాటి మధ్య ఊకలో మనిషి తల పట్టేంత గుంట. గొట్టం ఆ గుంటలోనే ఉంది.

"ఇక్కడ ఎవరు పడుకుంటారు?" అన్నారు సారు.

నేను నా భర్త వైపు చూశాను.

"ఇలాగే పడుకుంటే ఊపిరితిత్తులు పోతాయి. తడి ఊక తీసేసి, పరదాలు కొంచెం ఎత్తండి."

"పరదా లేపితే పిల్లలు సస్తయ్ సారూ," అన్నాడు ఆయన.

"పిల్లలు సస్తయని నువ్వు సస్తవా?" అన్నాను.

ఆయన్ని మారేడ్‌పల్లిలో ఆడబిడ్డ ఇంటికి పంపించాను, దగ్గు తగ్గేదాకా రావద్దని. తడి ఊక ఎత్తిపోశాను గానీ, ఆయన మాట విని పరదాల జోలికి పోలేదు. పిల్లల్ని నేనే చూసుకున్నాను.

ఊపిరి కాస్త కుదురుకున్నాక తిరిగొచ్చాడు. పరదా తొలగించి ఒక అడుగు లోపల పెట్టి, ఎవరో తోసినట్టు వెనక్కి వచ్చేశాడు. తువ్వాలు ముక్కుకు అదుముకున్నాడు. కళ్లవెంట నీళ్లు.

"ఇదేందే? ఇయ్యాల్నే షురూ అయిందా?"

"ఏది?"

"నీకు వాసనొస్తలేదా?"

గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. మళ్లీ పీల్చాను. ఆయన నా ముఖంలోకి చూశాడు, ముందెన్నడూ చూడనట్టు. తర్వాత నా చెయ్యి పట్టి బయటికి లాగి, తాను ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి, పరదాలన్నీ ఒక్కొక్కటే పైకి లాగడం మొదలుపెట్టాడు.