కార్జంలో వాటా

మా కొండల్లో చైత్రమాసపు ఇటుకల పండక్కి వేటకెళ్ళిన మగాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తే ఊరి ఆడాళ్ళం పేడనీళ్ళు కొడతాం. ఆ ఏడూ కుండలు నింపుకుని నిలబడ్డాం. ముందు అడవిపంది వచ్చింది. దాని వెనకే మంచం మీద నా మొగుడు వచ్చాడు, పొట్ట కుడివైపు పందికోర దిగి. కొట్టాలో మానాలో తెలియక మా అత్త పేడనీళ్ళు తన కాళ్ళ మీదే ఒంపుకుంది.

మొదటి బల్లెం ఎవరిదైతే పంది కార్జం వాళ్ళది. బల్లెం నా మొగుడిదే. అందుకని మరిది ఆ కార్జాన్ని అడ్డాకుల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. అందరం మంచం మోసుకుని కొండ కింది ఆసుపత్రికి దిగాం.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. లోపల కార్జం చీలిందట, నెత్తురు పొట్టలోకే పోతోందట, కోసి కుట్టాలట. బతుకుతాడా అని అడిగితే, కత్తులు ఉడకెయ్యమని లోపలికి కేకేశాడు. మరిది పొట్లం విప్పాడు.

"బాబూ, ఆడిది సిరిగిపోతే ఇది లోపల ఎట్టెయ్యండి. ఆడి వాటాయే."

డాక్టరు నవ్వలేదు. పొట్లం అందుకుని, తన కింద పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరు ముందు పెట్టాడు. అతను అంతవరకు కార్జం కుట్టి ఎరగడు. కత్తులు నీళ్ళలో ఉడికేలోగా పందిదాన్ని కుట్టి చెయ్యి తిప్పుకోమన్నాడు పెద్ద డాక్టరు. చిన్నాయన సూది గుచ్చి దారం గట్టిగా లాగాడు. కార్జం జున్ను తెగినట్టు తెగింది. మొద్దు మొన సూదీ లావు దారమూ తీసుకుని, లోతుగా పోనిచ్చి, అంచులు ఆనేదాకానే బిగించమన్నాడు పెద్దాయన. ఈసారి నిలిచింది. చేతులు కడుక్కుని, ఉడికిన సూదులు తీసుకుని ఇద్దరూ లోపలికెళ్ళారు.

కిటికీలోంచి చూశాను. పెద్దాయన కోతలో చెయ్యి పెట్టి, కార్జానికి నెత్తురు తెచ్చే కాడను రెండు వేళ్ళతో నొక్కి పట్టాడు. జీలుగు కల్లు ధార ఆగినట్టు నెత్తురు సన్నబడింది, చిన్నాయన కుట్టడం మొదలెట్టాడు. అదే పనిగా పట్టుకుంటే కార్జం చచ్చిపోతుందట. మధ్యలో వేళ్ళు వదిలాడు. మళ్ళీ నెత్తురు. మళ్ళీ పట్టాడు, చిన్నాయన మళ్ళీ కుట్టాడు. ఆగని చోట గుడ్డ కుక్కి, దాని కొస బయటికి వదిలారు.

మరిది నన్ను మోచేత్తో పొడిచాడు. "వొదినా, పందిదే బాగా కుట్టినాడు."

మొగుడి కోసం ఏడవాలో వీణ్ణి తన్నాలో తెలియలేదు.

మత్తు దిగాక నా మొగుడు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "నా వాటా ఏదే?"

మరిది గోడకేసి తిరిగి పళ్ళ సందులోంచి దారం లాక్కుంటున్నాడు. పంది కార్జాన్ని ఆసుపత్రి వెనక కాల్చుకు తినేశాడు.

"నీ తమ్ముడు తినేసినాడు. నవ్వకు, తిట్టకు. కుట్లు ఊడిపోతాయి," అన్నాను.

నా మొగుడు బతికాడు. ఆ తరవాత వేటలో మొదటి బల్లెం ఎవరిదైనా సరే, మరిది ఎలాగో ఒక కార్జం ముక్క సంపాదించి అన్నకి తెచ్చేవాడు. నా మొగుడు తినేముందు ముక్కను వేళ్ళతో విప్పి, దారం ఉందేమోనని తమ్ముడి ఎదురుగానే వెతికేవాడు. నా మొగుడు చలిజ్వరంతో పోయిన ఏడాది కూడా మరిది తెచ్చాడు. నేనే దారం వెతికి తిన్నాను.