కొడుంబావికి పెద్దకొడుకు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పిలిచినచోటికల్లా వెళ్ళి, పెట్టిందల్లా తిని, అడిగినదానికల్లా తల ఊపితే ఏ ఊరైనా మనదైపోతుందని. పంతొమ్మిది వందల ముప్ఫైల మొదట్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, గుంటూరు నుంచి ఒక పత్తి కంపెనీ గుమాస్తాగా అరవదేశం వెళ్ళాను. మొదటి నాలుగు నెలలు విరుదునగరం గోదాములో పత్తి బేళ్ళ మీద నంబర్లు వేశాను. ఆ నాలుగు నెలల్లోనూ నన్ను పలకరించినవాడు కాఫీ హోటల్లో వడ్డించేవాడొక్కడే. ఆ తర్వాత కోవిల్‌పట్టి మిల్లుకి మార్చారు. అక్కడ ఊరి చివర ఒక రైతు ఇంట్లో వీధి గది దొరికింది. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంటావిడని అందరూ అవ్వ అనేవారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. నల్లరేగడి చేనంతా ఒంటిచేత్తో సేద్యం చేయించేది. మొదటిరోజే ఆవిడ "ఏమప్పా, అన్నం తింటివా?" అని తెలుగులో అడిగేసరికి నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. (ఆ తెలుగు విని లోలోపల నవ్వుకున్నాను కూడా. నా తెలుగు విని ఆవిడ పైకే నవ్వింది.)

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అక్కడ వానలు పడాల్సిన ఐప్పసి నెల సగం గడిచినా చినుకు లేదు. అవ్వ తమ్ముడు, ఊరి పెద్దల్లో ఒకడు, బారెడు మీసాలవాడు (నేను మీసాల మామ అనేవాణ్ణి, చాటుగా), ఒక ఆదివారం వచ్చి, "కూటం ఉండాది, నువ్వూ రావాల. ఊర్లో ఉండేవాడు కూటానికి రాకుంటే ఎట్లప్పా?" అన్నాడు. ఎట్లా రాకుండా ఉంటాను? ఇస్త్రీ చొక్కా తొడిగి, కొత్తగా వేయించుకున్న క్రాపు దువ్వుకుని చావడిలో ముందు వరసలో కూర్చున్నాను. సగం అరవం, సగం తెలుగు. అర్థమైన సగానికీ, కాని సగానికీ సమానంగా తల ఊపాను. చివర్న ఒక పళ్ళెంలో ఆకూ వక్కా తిప్పారు. చిత్రం, ఎవరూ ముట్టుకోరు! ఒకాయన పైకప్పు పరీక్షించాడు, ఒకాయన దగ్గాడు, ఇంకొకాయనకి దూడ సంగతి గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయాడు. ఎంత మొహమాటస్థులో అనుకుని, మర్యాద నేనైనా కాపాడదామని రెండు చేతులా తీసుకున్నాను. పైగా "కాస్త సున్నం ఉందా?" అని అడిగాను. ఆ వెంటనే మీసాల మామ లేచి నన్ను కౌగలించుకుని, "ఆంబళ అంటే నువ్వప్పా, మగోడివి!" అన్నాడు. నేను తేలిపోతూ ఇల్లు చేరాను.

అవ్వ నా మొహం చూసి తల పట్టుకుంది. "కూటంలో వెత్తలాకు ఎత్తితే ఆ పని నాదని మాట ఇచ్చినట్టు. తెలియదా నీకు?"

"ఏ పని?"

"కొడుంబావికి పెద్దకొడుకు పని."

సంగతేమిటంటే, ఎవరి పాపం వల్ల వాన ఆగిందో ఆ మహాపాపి కొడుంబావి. ఆమెను గడ్డితో చేసి, పాడె మీద వీధులన్నీ ఈడ్చి, ఊరంతా శోకాలు పెట్టి, పొలిమేర దాటాక తగలబెడతారు. అది చూసి ఆకాశం జాలిపడాలి. చావన్నాక పెద్దకొడుకు ఉండాలి కదా? వాడు గుండు కొట్టించుకుని, నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి, గుండెలు బాదుకుని ఏడవాలి.

క్రాపు పోతే పోయింది. గుంటూరులో మా నాన్నగారు బతికే ఉన్నారు! తండ్రి ఉండగా కుండ పట్టడమా? విరుదునగరంలో బేళ్ళకు హేతువాదం మీద ఉపన్యాసాలిచ్చిన నేను ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. (నాన్నగారికి అప్పటికే కాస్త దగ్గు.) ఆకు వెనక్కిస్తే ఈ ఊళ్ళో ఇక నన్ను పిలిచేవాడుండడు, మళ్ళీ నోరు లేని బతుకే. ఇవ్వకపోతే నాన్నగారు. అన్నం సయించలేదు. అవ్వ రెండు పూటలు చూసి ఊరుకుంది, మూడో పూట కంచం నా ముందు పెట్టి కూర్చుంది.

"మా ఆయన పోయి పదేండ్లు. కుండ పట్టే పొద్దుకు నువ్వు నా కొడుకువప్పా, తండ్రి లేని బిడ్డవి. నీ తండ్రికి ఏమీ కాదు. ఇంక బయమెందుకు? తిను."

అలా నాకు అమ్మ కుదిరింది, గుండు కుదిరింది. ఊరేగింపు మొదలైంది కానీ ఏడుపు రాదే! వెనకనుంచి మీసాల మామ పొడుస్తున్నాడు, "ఏడువప్పా, ఊరంతా చూస్తుండాది!" అని. ఏం చెయ్యాలో తోచక "అమ్మా!" అని అరిచాను. అంతే, ఎక్కడ దాక్కుందో, విరుదునగరపు నాలుగు నెలల దిగులంతా ఒక్కసారిగా బయటపడింది. వెక్కివెక్కి ఏడ్చాను. శోకాలు పెట్టే ఆడవాళ్ళు తమ శోకాలు ఆపి నన్ను చూశారు. పొలిమేర దగ్గర నిప్పు పెట్టనివ్వనని అడ్డం పడితే ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. అవ్వ కొంగుతో నా మొహం తుడిచి, "చాలప్పా, అది గడ్డి," అంది.

వాన మూడు వారాలకి, తన తీరిక చూసుకుని వచ్చింది. అయినా ఆ ఖ్యాతి నాదే. "మా పెద్దకొడుకు" అని ఊరంతా పిలవడం మొదలుపెట్టింది. నేను లేకుండా ఏ ఇంట్లోనూ పెళ్ళిగాని పంచాయితీగాని జరిగేది కాదు. భయపడుతూనే సంగతంతా ఇంటికి రాశాను. నాన్నగారి కార్డు వచ్చింది: "నీవచ్చట గడ్డిబొమ్మకు మిక్కిలి బాగుగా ఏడ్చితివని తెలిసి సంతోషించితిమి. మా వంతుకు కొంత మిగుల్చుకొనవలెను."

ఆయన ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నిక్షేపంగా బతికారు. చివరికి ఆయన వంతు వచ్చింది. ఈసారి నిజంగానే పెద్దకొడుకునై, గుండుతో, కుండతో ముందు నడిచాను. కంట చుక్క రాలేదు. "ఎంత నిబ్బరం!" అన్నారు బంధువులు. నిబ్బరమూ కాదు, ఏమీ కాదు. నలుగురూ చూస్తున్నారని సిగ్గుపడ్డాను, అంతే. కోవిల్‌పట్టి వీధుల్లో ఎవరి తల్లో తెలియని గడ్డి కోసం పొర్లిపొర్లి ఏడ్చిన ఆ గుండు కుర్రాడు గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. నాన్నగారు పోయిన రోజు వాణ్ణి ఎవరైనా ఒక్క గంట అరువిచ్చి ఉంటే బాగుండేదని మాత్రం ఆయన ఫోటో చూసినప్పుడల్లా అనిపిస్తుంది.