కాకిబంగారం మెరుపు పోయిన దినం

పొద్దుగాల ఆరింటికి సిరిసిల్ల బస్టాండు ముంగట నిలవడ్డ. తెలంగాణ సమ్మెల బస్సులు బంద్. మా ఇంటామె పద్మ బీడీలు చుట్టి చుట్టి దగ్గు పట్టి, రాత్రుల్లు పండుకోలేక కూసునే ఉంటున్నది. దవాఖాన మందులు వాడుతున్నం గని ఆయాసం తగ్గుతలేదు. కోరుట్లల ఒక వైద్యుడు అభ్రక భస్మం చేస్తడని విని బయలెల్లిన.

జగిత్యాల జీపుల కాలు పెట్ట సందు లేదు. పక్కన ఒక అవ్వ అడిగింది. "ఎటు కొడుకా?"

"మందుకు, అవ్వా."

"తెలంగాణ అచ్చినంక పోరాదు!"

"మరి దగ్గుకు గా ముచ్చట నువ్వే చెప్పు," అన్న. జీపంత నవ్విండ్రు.

కోరుట్ల చేరేసరికి పగటాల్ల అయింది. వైద్యుడు పెద్దమనిషి, మందు చేసుడు ఇవరంగ చెప్పిండు. అభ్రకమంటే మనం కాకిబంగారం అంటం సూడు, గదే రాయి. ఆకుపసరుల నూరి, బిల్లలు చేసి, మూకుట్ల పెట్టి, గుంతల పిడకల మంటకు కాల్చాలె. మళ్ల నూరి మళ్ల కాల్చాలె.

"ఎన్నిసార్లు అయ్యా?"

"మెరుపు సచ్చేదాక."

అప్పటికే కాల్చి పెట్టిన ఎర్ర పొడి నా అరచేతిల ఇంత పోసిండు. మేము సాంచాలోల్లం, మరమగ్గాల మీద నేసెటోల్లం; బట్ట ఏదైనా ఎండకు పట్టి సూసుడే అలవాటు. గట్లనే పట్టిన. "అబ్బ, ఎంత మెరుస్తున్నది!" అన్న, మెచ్చుకున్న అనుకొని.

ఆయన ఉరికొచ్చి సూసిండు, మొఖం మాడింది. పొడంతా నా చేతిలకెల్లి దులుపుకున్నడు. "ఒక్క రవ్వ మెరిసినా పచ్చి మందే. ఇయ్యను. ఇంకో మంట పడాలె." నా నోరు పడిపోను!

"రేపు అంతట బంద్ అయ్యా, ఎట్ల పోవాలె?"

"బంద్ మనకు, మంటకు గాదు. గుంత దానంతటదే సల్లారాలె."

ఆ రాత్రి ఆయన అరుగు మీదనే పండుకున్న.

తెల్లారి పగటాల్ల మూకుడు తీసిండు. ఎండకు పట్టిన, ఒక్క మెరుపు లేదు. గ్లాసు నీళ్ల మీద చిటికెడు చల్లితే మునగలే. దాని మీద ఒక బియ్యపు గింజ పెట్టిండు. గింజ గూడ తేలింది! రాయి, నీళ్ల మీద గింజను మోసింది.

"మా ఆమెకు నయమైతదా అయ్యా?"

"మందు తేలిందని చెప్పగల. మనిషి సంగతి నేను చెప్పలేను. దవాఖాన మందు ఆపకు. తేనెల కలిపి ఇయ్యి. గని ఆమె ఒళ్లె పొగాకు చాట ఉన్నన్ని దినాలు ఇది దండుగ," అనుకుంట పొట్లం కట్టి ఇచ్చిండు.

బండ్లు లేక నడుచుకుంట పోతే, జగిత్యాల రోడ్డు మీద బంద్ చేసెటోల్ల వంటావార్పు నడుస్తున్నది. జై తెలంగాణ అనుకుంటనే ఇంత అన్నం పెట్టిండ్రు, పొట్లం సంగతి విని సిరిసిల్ల దిక్కు పోయే ట్రాక్టరు ఎక్కించిండ్రు. కొడిమ్యాల దాటినా నా కండ్లల్ల గా గింజనే.

పొద్దుగూకంగ సాంచాల సప్పుడు ఇనవడ్డది. ఇంటికి పోంగనే పొట్లం విప్పను. ముందుగాల ఆమె ఒళ్లెకెల్లి చాట తీస్త. ఇల్లెట్ల గడుస్తదని మొత్తుకుంటది. రాత్రి షిఫ్టు గూడ నేనే పట్టుకుంట, నువ్వు పండుకో అంట.