ఇంటర్వెల్ దాకా చూసిన మా చిన్నాన్న

మా చిన్నప్పుడు... కొత్త సినిమా వస్తే మా ఇంట్లో ముందుగా చూసేది చిన్నాన్న. ఆయన చూసొచ్చి, కంచం ముందు కూర్చుని, పప్పన్నం కలుపుతూ తీర్పు చెప్పాలి. దాన్ని బట్టే ఇంట్లో ఆడవాళ్ళం ఆ సినిమాకు వెళ్ళేదీ మానేదీ.

డెబ్భైల నాటి మాట. విశాఖపట్నం పాతఊళ్ళో, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఇల్లు. నాన్నకీ చిన్నాన్నకీ పోర్టులోనే పని.

భక్తి సినిమా అయితే అందరం వెళ్ళొచ్చు. అందులో ఏముండేది? రాక్షసుడు ఆడవాళ్ళను ఎత్తుకుపోవడం... మొగుడు పెళ్ళాన్ని అడవికి పంపడం... మునికి కోపమొచ్చి ఎవరినో రాయిని చేయడం. అవన్నీ ఆడపిల్లలు చూడదగ్గవి! దేవుడు ఆకాశంలో వెళ్తుంటే నడుముకు కట్టిన తీగ తళతళా మెరిసేది. అయినా దణ్ణం పెట్టుకునేదాన్ని... పాపం, కింద పడకూడదని.

జానపదాలకు అభ్యంతరం లేదు, అట్టకత్తులే కదా. ఏడుపు సినిమాలకు అమ్మను తప్పకుండా పంపేవారు. ఇంట్లో ఏడవడానికి తీరిక ఉండదని కాబోలు. ఇక హత్య చేసిందెవరో చివరిదాకా తెలియని సినిమాలంటే నాకు ప్రాణం... వాటికి మాత్రం వద్దనేవాడు చిన్నాన్న. వద్దని ఊరుకుంటే సరే, హంతకుడెవరో కూడా చెప్పేసేవాడు!

నేను పదో తరగతి ప్యాసైన వేసవిలో, కాలేజీకి వెళ్ళే అమ్మాయి కథతో ఒక సినిమా వచ్చింది. అప్పటికి నన్ను కాలేజీలో చేర్చడానికి నాన్న ఒప్పుకున్నాడు. దరఖాస్తు తేవడమే తరువాయి.

ఆ రోజు చిన్నాన్న మొదటి ముద్ద కలపకముందే మొదలుపెట్టాడు.

"అన్నియ్యా, ఆ సినిమా సూసొచ్చినాను. కాలేజీకెల్లిన పిల్ల ఏటైపోనాదో తెలుసా? సదువు సదువని ఎల్లి, ఆకరికి సముద్రంలో పడి సచ్చిపోనాది. మన పిల్లకెందుకొచ్చిన గొడవ?"

నాన్న మజ్జిగ పోసుకోబోయి ఆగాడు. "సూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటంటే ఇక దాని ఊసు ఎత్తవద్దని అర్థం.

లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చిన నేను... ఎక్కడో ఎవరో రాసిన కథలో పిల్ల సముద్రంలో పడినందుకు ఇంట్లో కూర్చోవాలట!

మర్నాడు పెరటిగోడ దగ్గర అమ్మ ఈ సంగతి ఖాలాకు చెప్పింది. ఖాలా అంటే పక్కింటి దర్జీగారి భార్య. ఆవిడ అక్కచెల్లెళ్ళ పిల్లలు అలా పిలుస్తుంటే విని నేనూ అలాగే పిలిచేదాన్ని. పెందరాళే వంట ముగించుకుని మార్నింగ్ షోకు వెళ్ళిపోయే మనిషి.

"అరె సెల్లీ, సచ్చిపోడమేటి? ఆ పిల్ల డాక్టరౌతాది కదా! మీ మరిది సూసింది ఇంటర్వెల్ దాకే. రెండింటికి డూటీ ఉంటాది కదా, బెల్లు కొట్టగానే సైకిలెక్కి ఎలిపోతాడు. ప్రతీ సినిమాకీ అంతే."

"నీకెలా తెలుసక్కా?"

"బుర్ఖాలో ఉంటే నన్నెవురూ పోల్చుకోరు. నాకు మాత్రం అందరూ కనపడతారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే... ఇన్నాళ్ళూ చిన్నాన్న పట్టిచ్చిన హంతకుల్లో ఎంతమంది అమాయకులో!

ఆ రాత్రి కంచాల దగ్గర అమ్మ గొంతు పెంచకుండా అంది, "ఆదివారం ఆ సినిమాకి అందరం ఎల్దాం."

"ఆకరికి సచ్చిపోయే సినిమా డబ్బులెట్టి సూత్తావేటి వొదినా?" అన్నాడు చిన్నాన్న.

"ఎలా సచ్చిపోతాదో సూద్దామనే బాబూ."

నాన్న నవ్వాడు. వెళ్ళాం. కుర్చీ టిక్కెట్లు, అందరం ఒకే వరుసలో.

ఇంటర్వెల్ బెల్లు మోగగానే చిన్నాన్న అలవాటుగా లేచాడు. నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"కూకోరా. పిల్లింకా సావనేదు కదా."

రెండో సగంలో తెర మీదికి సముద్రం వచ్చింది. ఆ పిల్ల ఒంటరిగా నీళ్ళవైపు నడుస్తోంది... డాక్టరౌతుందని ఖాలా ముందే చెప్పినా, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్నాన్న ముందుకు వంగాడు, పడుతుందేమోనన్న ఆశతో! సముద్రం పక్కనే పుట్టి పెరిగినదాన్ని, ఏనాడూ దాన్ని చూసి అంత భయపడలేదు.

ఆ పిల్ల పాదాలు తడుపుకుంది... చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చింది. చివరికి తెల్లకోటు వేసుకుంది.

బయటికొచ్చాక నాన్న అడిగాడు, "ఏరా, సచ్చిపోనాదన్నావ్?"

"అలాటోళ్లు ఆకరికి ఏటైపోతారో సూడాలేటి అన్నియ్యా? నాకు తెల్దేటి?"

ఇంటికి నడుస్తుంటే నాన్న నా పక్కకు వచ్చి, "కాలేజీ దరకాస్తులు ఎప్పుడిత్తారమ్మా?" అన్నాడు.

ఈ కథ చెబితే విన్నవాళ్ళంతా ఇక్కడ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే. నా మార్కులు చూసి పంపలేదు... నా మొహం చూసి పంపలేదు... సినిమాలో పిల్ల ఒడ్డుకొచ్చిందని పంపారు! ఆ కథ రాసినాయన ఆ పూట పెళ్ళాంతో గొడవపడి, ఆ కసికొద్దీ పిల్లను ముంచేసి ఉంటే? బతుకంతా బడిలో లెక్కలు చెప్పిన ఈ టీచరమ్మ కూడా దాంతోపాటే మునిగేది.

పైగా చిన్నాన్నను ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. మరుసటి వారం మళ్ళీ కంచం, మళ్ళీ తీర్పు... మళ్ళీ అందరూ బుద్ధిగా విన్నారు. ప్రతి సినిమా చివరిదాకా చూసే ఖాలాను మాత్రం ఎవరూ ఏనాడూ అడగలేదు, ఎలా ఉందమ్మా అని.

ఇప్పుడా థియేటరూ లేదు, చిన్నాన్నా లేడు. ఫోను తెరిస్తే మాత్రం ఎటు చూసినా ఆయనే... నిమిషం బొమ్మ చూసి సినిమా మొత్తానికి తీర్పు చెప్పేవాళ్ళే. ఆయనకు కనీసం రెండింటికి డ్యూటీ ఉండేది. వీళ్ళకు అదీ లేదు!

మీ ఇళ్ళల్లో కూడా సగం చూసి మీ బతుకు మీద తీర్పు చెప్పినవాళ్ళు ఉండే ఉంటారు. ఎవరో కింద రాయండి... ఇక్కడిదాకా చదివినవాళ్ళు మాత్రమే. సగంలో లేచి సైకిలెక్కినవాళ్ళు నేను అడక్కపోయినా రాస్తారు... ఆ పిల్ల సముద్రంలో పడి చచ్చిపోయిందని.